ఏర్కాడు కొండ మీద ఐరాల కాఫీ

ఐరాలలో కోదండరెడ్డిగారి అమ్మాయి పెళ్ళిలో కాఫీ చెడిపోయింది నా చేతిలో. ఆ మాట నేను ఆ రోజు చెప్పలేదు. అలాగని అబద్ధమూ ఆడలేదు. "గింజ కొన్నదెవరు?" అని మగపెళ్ళివారు నిలదీస్తే, "కొనేది మునిరత్నం, వేయించేది నేను" అన్నాను. అందులో ప్రతి అక్షరమూ నిజమే. అంతవరకే చెప్పి నోరు మూసుకున్నందువల్ల నా భాగస్వామి పేరు పాడైపోయింది.

తిరుపతిలో మా కాఫీపొడి అంగడి ఈ వైపువారికి కొత్త కాదు. నేనూ మునిరత్నమూ కలిసి పెట్టాము. అతను సేలం దాకా పోయి పచ్చిగింజ ఎంచి తెచ్చేవాడు. వేయించడం, పొడి కొట్టించడం, వచ్చినవారితో మాట్లాడటం నా వంతు. ప్లాంటేషను గింజ తప్ప మరొకటి అమ్మమని ఇద్దరమూ మాట అనుకున్నాము. ప్లాంటేషను అంటే పండు తోలు వలిచి, నీళ్ళలో కడిగి ఎండబెట్టిన నీలిపచ్చ గింజ. చెర్రీ అంటే పండును పండుగానే ఎండబెట్టి, తరువాత దంచి తీసిన గింజ. చెర్రీ చవక, రంగు పాలిపోయి ఉంటుంది. ప్లాంటేషను ధర పుచ్చుకుని చెర్రీ అంటగట్టాడని ఐరాల పెళ్ళి తరువాత జనం అతనికి 'చెర్రీ రత్నం' అని పేరు పెట్టారు. అతను అంగడి వదిలేసి తిరుచానూరు చేరి, పూలు కట్టి అమ్ముకుని బతికాడు. నేను అదే అంగడిలో, అదే గల్లాపెట్టె ముందు, ఒక్కణ్ణే కూర్చున్నాను.

యుద్ధం ముగిసిన తరువాతి చలికాలంలో, పండు కోసే రోజుల్లో, నేను ఏర్కాడు కొండకు పోయి వచ్చాను. ఆ ప్రయాణం సంగతి ఇది. కాఫీ తాగడమే తప్ప అది పండే చోటు చూడనివారికి కొంత కొత్తగా ఉంటుంది. మునిరత్నాన్ని ఎరిగినవారు మాత్రం చివరిదాకా చదవాలని నా కోరిక.

తిరుపతి

బయలుదేరే ముందురోజు రాజమ్మ మా అంగడికి వచ్చింది. తిరుచానూరులో యాత్రికుల సత్రం నడిపే మనిషి. మాటలో మెత్తదనం తక్కువ, మనసులో కల్మషం అంతకంటే తక్కువ.

"ఏమప్పా చెంగయ్యా, నీకూ ఆ పూల రత్నానికీ ఒకప్పుడు పొత్తుండె గదా?"

"ఉండెనమ్మా."

"నా సత్రంలో పొద్దునా సాయంత్రం కాఫీ పెడతానని అడుగుతా ఉండాడు. చెయ్యి మంచిదే, కాయించి తాగి సూసినాను. అయితే ఆ పాడు పేరొకటి ఉండాది గదా! అమ్మవారి దర్శనానికి వచ్చినోళ్ళకు కల్తీ కాఫీ పోసినానంటే నా మొగాన ఉమ్మేస్తారు. నువ్వు సెప్పు. ఆ మనిషిని నమ్మొచ్చునా?"

నమ్మవచ్చు అన్న ఒక్క మాట చాలు. ఆ వెంటనే, "మరి ఐరాలలో ఏం జరిగింది?" అని అడుగుతుంది. అది నాకు తెలుసు. అందుకే, "కొండకు పోతా ఉండాను. వచ్చినాక చెప్తాను" అన్నాను.

"కొండకు పొయ్యొచ్చేదానికి ఎంతసేపు? సాయంత్రానికి దిగుతావు గదా!"

"మన కొండ కాదమ్మా, సేలం దగ్గర. కాఫీ పండే కొండ."

"రత్నం మంచోడో కాదో తెలిసేదానికి సేలం దాకా పోవల్లనా? ఇన్నేండ్లు ఒగే కంచంలో తిన్న మాదిరి ఉంటిరే!" అని చెంగు దులుపుకుని లేచింది. "పున్నమికి జనం వస్తారు. ఆ లోపల సెప్తివా సరి. లేకుంటే ఇంకొకర్ని పెట్టుకుంటా."

ఆమె అన్నది సరైన మాటే. కానీ ఇన్నేళ్ళూ నాకొక నీడ ఉండేది. గింజలోనే దోషం ఉందేమో, నేను కేవలం వేయించానేమో అన్న నీడ. దాని కింద హాయిగానే కూర్చున్నాను. అంగడికి సరుకు కొనే వంకతో, ఆ నీడ నిజమైనదో కాదో చూసి రావాలని బయలుదేరాను.

పూతలపట్టు మీదుగా

పాకాల దాటాక రైలు పెట్టెలో ఒక అత్తా కోడలూ ఎక్కారు. అత్త పుల్లట్లు పంచింది. నాకూ ఒకటి పెట్టి, "మా కోడలు చేసింది, ఉప్పు ఎక్కువైనా మింగు నాయనా" అంది. కోడలు కిటికీ వైపు తిరిగి, "ఉప్పు తగ్గితే రుచి లేదంటుంది, పెరిగితే మింగమంటుంది" అని గాలికి చెప్పింది. పెట్టె అంతా నవ్వింది. ఉప్పు ఎక్కువే. మింగాను.

పూతలపట్టు స్టేషనులో బండి ఆగినప్పుడు నా నవ్వు ఆగింది. ఐరాల పెళ్ళి జరిగిన ఏడు కార్తీకంలో రెండు మూటల పచ్చిగింజతో నేను దిగింది అక్కడే. పందిట్లోనే గింజ వేయించాలి, ఆ ఘుమఘుమ మగపెళ్ళివారి విడిదిదాకా పోవాలి అని కోదండరెడ్డిగారి ముచ్చట. అందుకని వారం ముందే ఎడ్లబండి కట్టించాను. మునిరత్నం ఊళ్ళో లేడు. వాన వెలిసినట్టే వెలిసి మళ్ళీ పట్టుకునే రోజులు. వంక దాటుతుంటే చక్రం దిగబడింది, బండి ఒరిగింది, మూటలు నీళ్ళలో పడ్డాయి.

మా వైపు తడిసినదేదైనా కళ్లంలో ఆరబోస్తాము. రెడ్డిగారి కళ్లం వేరుశనక్కాయల కోసం అప్పుడే పేడతో అలికి సిద్ధంగా ఉంది. ఒక పక్క కాయలు, ఒక పక్క నా గింజ. పగలు పలచటి ఎండ, పొద్దుగూకితే కుప్పచేసి గోనెపట్టా కప్పడం. రెడ్డిగారు పెళ్ళిపనుల మీద తిరుగుతున్నారు; కళ్లంలో పనివాళ్ళు చూశారు, ఎవరూ వద్దనలేదు. వేరుశనగకు ఏమీ కానిచోట కాఫీకి ఏమవుతుంది అనుకున్నాము. ఆరేసరికి నీలిపచ్చగా ఉండిన గింజ పాలిపోయి తెల్లబడింది. గుప్పిట పట్టి మూచూస్తే తడిసిన వరిగడ్డి వాసన. బాగా నల్లగా వేయిస్తే పోతుందిలే అనుకున్నాను.

పోలేదు. పెళ్ళికొడుకు మేనమామ ఒక గుక్క తాగి పందిరి బయటికి ఉమ్మేసి, "ఏం రెడ్డీ, మీ వూర్లో కాఫీలోకి మన్ను గూడా వేస్తారా?" అన్నాడు. మిగిలిన పచ్చిగింజను ఎవరో అరచేతిలో పోసుకుని, "నీలిపచ్చ యాడుండాది దీంట్లో? ఇది చెర్రీ గదప్పా!" అన్నారు. పాలిపోయిన గింజ చూసి వాళ్ళు అలా అనుకోవడంలో తప్పులేదు. నేను దాన్ని పాలిపోకముందు చూశాను. తేడా అది.

చిత్తూరు

చిత్తూరులో దిగి కోర్టు దగ్గరి కాఫీ హోటలులో కూర్చున్నాను. తిరుపతికీ చిత్తూరుకూ కాఫీ విషయంలో పొత్తు కుదరదు. మా దగ్గర నాలుగు దేశాల యాత్రికులు వస్తారు గనుక కాఫీ పలచగా, నోరు కాలేంత వేడిగా ఉండాలి. చిత్తూరువారికి చిక్కదనం కావాలి, గ్లాసు ఖాళీ అయ్యాక అంచున గోధుమ చారిక మిగలాలి. దాని కోసం చికోరీ వేరు పొడి ధారాళంగా వేస్తారు. యుద్ధం నాటి చక్కెర కంట్రోలు ఇంకా తీయనందువల్ల ఆ రోజు బెల్లం కాఫీ. ధర మాత్రం చక్కెర కాఫీ ధరే.

నా ఎదుట పలమనేరు వైపు రైతు ఒకాయన, చంకలో దస్తావేజుల మూట. గట్టు తగాదాట, ఎన్నేళ్ళనుంచో వాయిదాలట.

"ఎప్పటికి తేలుతాదంటావు అన్నా?" అన్నాను.

"తేలకపోతేనే మేలప్పా. గెలిచినానంటే మళ్ళా ఈ కాఫీ తాగేదానికి ఏం సాకు చెప్పి రావల్ల?"

రెండో గ్లాసు తెప్పించుకున్నాడు. అది బాగా లేదు కాబోలు, మొగం చిట్లించి సర్వరును కేకేశాడు. "ఏమబ్బా, చెర్రీ రత్నం గాని వచ్చినాడా లోపల కాసేదానికి?"

గ్లాసు కింద పెట్టాను. "ఎవరన్నా ఆయన?" అన్నాను.

"ఏమో, నేనేం సూసినానా? కాఫీ బాగా లేకుంటే మా పక్క అట్ల అంటారు."

మునిరత్నం పలమనేరు ఎప్పుడూ పోయి ఉండడు. అతని పేరు అతని కంటే ముందు వెళ్ళింది. అతన్ని చూడనివారి నోళ్ళలో అదొక తిట్టుగా బతుకుతోంది. ఒక మనిషి ఊరుకుంటే ఇంకొకరి చెడ్డపేరు ఎంత దూరం నడుస్తుందో నేను చిత్తూరు కోర్టు ముందు తెలుసుకున్నాను.

కొండ దారి

సేలం నుంచి ఏర్కాడుకు బొగ్గు గ్యాసు బస్సు. దాన్ని బస్సు అనడం మర్యాదకే. వెనక ఇనప పీపాలో బొగ్గు మండుతుంటుంది, ముందు మనుషులు దగ్గుతుంటారు. మలుపు మలుపుకూ డ్రైవరు అందర్నీ దించి తోయించాడు. టిక్కెట్టు కొన్నది ఎక్కడానికా తోయడానికా అని ఒక అయ్యరు తమిళంలో తగవు పెట్టుకున్నాడు. తగవు పెట్టుకుంటూనే తోశాడు. నా చెప్పు ఒకటి అక్కడే తెగింది. మిగిలిన కొండంతా ఒంటి చెప్పుతో ఎక్కాను.

పక్కన నడుస్తున్న కమలాపళ్ళ బుట్టావిడ నన్ను చూసి జాలిపడి పండు ఒలిచి ఇచ్చింది. సగం తిన్నాక డబ్బులడిగింది. మా వైపు ఒలిచి ఇచ్చినదానికి డబ్బు అడగరు. అక్కడ ఒలిచినందుకు ఇంకొంచెం ఎక్కువ అడుగుతారు.

పైకి పోయేకొద్దీ చలి, మంచు, సిల్వర్ ఓకు చెట్ల నీడ. ఆ నీడ కింద మనిషెత్తు కాఫీ మొక్కలు, కొమ్మ పొడవునా ఎర్రటి పండ్లు. ఒకటి కొరికాను. తోలు కింద రవంత తియ్యటి జిగురు, ఆ జిగురులో రెండు గింజలు. కాఫీ రుచి మచ్చుకైనా లేదు. అది తరువాత మనుషులు తయారుచేసుకునేది. ఇన్నేళ్ళు కాఫీ అమ్మి నాకు ఆ సంగతి అప్పుడు పట్టుబడింది.

గురవప్ప మేస్త్రీ

తోటలో సరుకు చూపించడానికి, అక్కడి కూలీల చేత పని చేయించే గురవప్ప మేస్త్రీ వచ్చాడు. తాతల నాడు మన వైపు నుంచి వెళ్ళిన కుటుంబం. తెలుగు మాట్లాడతాడు, లెక్కలు తమిళంలో పెడతాడు. గొప్పలు రెండు భాషల్లోనూ చెప్పుకుంటాడు. "గింజ మూచూస్తే ఏ కొండదో, ఎండపక్కదో నీడపక్కదో చెప్పేస్తానప్పా" అన్నాడు. నేను వెంట తీసుకుపోయిన మా అంగడి పొడి ముక్కు దగ్గర పెట్టాను. కళ్ళు మూసుకుని, "కూర్గు కొండది" అన్నాడు. అది వాళ్ళ కొండదే, పోయిన ఏటిది. చెప్పాను. "వేయించింది మీ వూర్లో గదా, అందుకే కూర్గు మాదిరి ఉండాది" అని ఏమాత్రం తగ్గలేదు.

అయినా పని చూపించడంలో లోటు చేయలేదు. ప్లాంటేషను గింజకు ఎర్రబడిన పండే కోస్తారు. కోసిన రోజే యంత్రంలో వేసి తోలు ఊడదీస్తారు. జిగురుతో ఉన్న గింజను తొట్టిలో పోసి ఊరనిస్తారు. చెయ్యి పెట్టి నలిపితే జారకుండా గరగరమన్నప్పుడు కడుగుతారు. అక్కడే ఉంది రుచి అంతా. తక్కువ ఊరితే జిగురు మిగిలి వగరు వస్తుంది. ఎక్కువ ఊరితే పులిసిపోయి కల్లు వాసన వస్తుంది. సరిగ్గా ఊరి, కడిగి, ఇటుక పరిచిన కళ్లంలో ఆరిన గింజ కాఫీ అయ్యాక తేటగా ఉంటుంది. నాలుక మీద నారింజ తొన లాంటి పులుపు తగిలి, వెంటనే శుభ్రంగా వెళ్ళిపోతుంది.

చెర్రీకి ఈ తంతు లేదు. పండును పండుగానే ఎండలో పోస్తారు. వారాల తరబడి ఎండుతూ ఆ తీపి లోపలికి దిగుతుంది. పులుపు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. పాలు పోసినా లొంగదు, చికోరీ కలిపినా అణగదు. చెర్రీ అంటే నాసిరకం అని మన ఊళ్ళలో అనేది తప్పు. ధర తక్కువ గనుక అలా అనుకున్నాము. చిత్తూరువారి చిక్కదనం చికోరీతో కాక మంచి చెర్రీతో రావాలి. రెండు పాళ్ళు ప్లాంటేషను, ఒక పాలు చెర్రీ కలిపి నేనిప్పుడు అమ్ముతున్నాను. దాచిపెట్టకుండా, గోనెల మీద రెండు పేర్లూ రాసే కలుపుతున్నాను. తాగి చూసి నన్ను కాదనండి.

సముద్రపు గాలికి మూటలు విప్పి వానాకాలమంతా గింజను ఉబ్బబెట్టే పద్ధతి మలబారు వైపు ఉందని గురవప్ప చెప్పాడు. దానికి పులుపే ఉండదట. నేను చూడలేదు గనుక ఇంతకంటే రాయను.

మూడు గ్లాసులు

సాయంత్రం గురవప్ప ఇంట్లో మూడు గ్లాసుల కాఫీ ముందు పెట్టారు. పాలు లేవు, తీపి లేదు. వ్యాపారులు వస్తే నాలుక పరీక్ష చేయడం అక్కడి వాడుక. ఇంటివాళ్ళంతా తమాషా చూడటానికి చుట్టూ చేరారు.

మొదటిది తాగి, "ప్లాంటేషను" అన్నాను. రెండోది, "చెర్రీ, మంచి రకం" అన్నాను. గురవప్ప భార్య తల ఊపింది.

మూడోది నోట్లో పోసుకున్నాను. తడిసిన గడ్డి, మన్ను, వెనక ఎక్కడో పేడ. ఆ రుచి నాకు పరిచయమే. ఒకప్పుడు నల్లగా వేయించి దాచిపెట్టానని అనుకున్నదే.

"ఐరాల కాఫీ" అన్నాను. నోరు జారింది.

గురవప్ప ఎగిరి కూర్చున్నాడు. "ఐరాలా? అదెక్కడుండాది? ఆ వూర్లో కాఫీ తోటలుండాయా? నాకు తెలీని తోటా?"

"లేవప్పా. నువ్వు చెప్పు, ఇదేం గింజ?"

"మా ప్లాంటేషనే. మొదటి గ్లాసులో ఉండేదే! మూట ఒగటి వానకు తడిసిపోయింటే పక్క గుడిసెవాళ్ళు వాళ్ళ వాకిట్లో ఆరబోసిరి. పేడ అలికిన వాకిలి. రాత్రిళ్ళు కుప్పచేసి కప్పిరి. చెడిపోయె. వచ్చినోళ్ళను ఏడిపించేదానికి కొంచెం ఎత్తిపెట్టుకున్నాను."

"గింజలో దోషం లేదు గదా?"

"గింజేం చేసిందప్పా! ఒగసారి ఆరిన గింజ మళ్ళా తడిసినా, యాడ ఆరబోస్తే ఆడ వాసన పట్టుకుంటాది. కప్పినాక లోపల ఉడికిపోతాది. ఎంత మంచిదైనా అంతే."

నా నీడ అక్కడితో పోయింది. ఆ ఇంట్లో, నన్ను ఎరగని మనుషుల ముందు, వంక దగ్గర నుంచి పందిరి దాకా అంతా చెప్పేశాను. ఎవరూ ఓదార్చలేదు. గురవప్ప భార్య తమిళంలో ఒక్కటే అడిగింది. "ఇవన్నీ మాతో ఎందుకు చెపుతావు? అతనితో చెప్పావా?"

ఐరాల

తిరుగు ప్రయాణంలో పూతలపట్టులో దిగి ఐరాల వెళ్ళాను. కోదండరెడ్డిగారు మడి గట్టు మీద ఉన్నారు. వయసు మీద పడినా గొంతు తగ్గలేదు. విన్నారు. వింటూ వింటూ నిలుచున్నవారు గట్టు మీద కూలబడ్డారు.

"మా కళ్లంలోనా?"

"మీ కళ్లంలోనే."

"అంటే మా ఇంటి పేడ వాసనకు ఉమ్మినాడా మా వియ్యంకుని బావమరిది!" అని ఒక్క నవ్వు నవ్వారు. వెంటనే మొగం గట్టిపడింది. "ఆ రత్నం మా వాకిట్లో నిలబడి ఏమన్నాడో తెలుసునా నీకు? 'అయ్యా, నా గింజ కాదు, ఏదో జరిగింది, విచారించండి' అన్నాడు. నేను మెడ పట్టి గెంటినంత పని చేస్తిని. నువ్వు ఆ పక్కనే ఉంటివి గదరా!"

"ఉంటినయ్యా."

"పో. వాని దగ్గరికి పో. నేనూ వస్తాను, పున్నమికి. నా మాట నేను చెప్పుకోవల్ల."

మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. మా వైపు వెతుక్కుంటూ వచ్చినవాడికి నీళ్ళివ్వకపోవడం అంటే ఏమిటో చదివేవారికి చెప్పనక్కరలేదు.

తిరుచానూరు

మునిరత్నం పూల దుకాణాల వరసలో చివర కూర్చుని తులసి కడుతున్నాడు. నన్ను చూసినా వేళ్ళు ఆపలేదు. నేనేమీ అనకుండా సత్రం దాకా పోయి రాజమ్మను పిలుచుకుని వచ్చాను. "ఏమప్పా, నన్నెందుకు ఈడ్చుకొస్తావు, పొయ్యి మీద అన్నముండాది" అని తిట్టుకుంటూనే వచ్చింది. పక్క దుకాణాలవాళ్ళు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. పేరు పోయింది పదిమందిలో, రావలసిందీ పదిమందిలోనే.

వంక చెప్పాను, కళ్లం చెప్పాను, గోనెపట్టా చెప్పాను, పాలిపోయిన గింజ చెప్పాను. పందిట్లో నేను అన్న మాట, అనని మాట చెప్పాను. రాజమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

మునిరత్నం మాల ముడి వేసి పక్కన పెట్టాడు.

"రాత్రిళ్ళు కప్పినావా?" అన్నాడు.

"కప్పినాను."

"పరిచి పెట్టింటే సగమైనా దక్కిండును." ఒళ్ళోని తులసి రెమ్మలు పక్కకు నెట్టాడు. "నేను సేలం మండీకి తిరిగి పోయినాను, తెలుసునా? నాకు చెడ్డ గింజ ఇచ్చినారని ఆ మండీ ఆయన్ను నానా మాటలూ అంటిని. ఆయనేమో దేవుని మీద ఒట్టు పెట్టుకునె. అప్పటినుంచి నా కండ్లనే నేను నమ్మలేదు చెంగయ్యా. నీలిపచ్చ సూసినానా, సూసినాననుకున్నానా అని. పూలు తెచ్చేటప్పుడు గూడా రంగు రెండుసార్లు సూస్తాను."

నేను అతని పేరు ఒక్కటే తీశాననుకున్నాను. అతని కంటి మీద అతనికున్న నమ్మకం కూడా తీశానని నాకు ఆ మాటతో తెలిసింది.

"రేపటినుంచి వచ్చి కాఫీ పెట్టప్పా" అంది రాజమ్మ, గొంతు సవరించుకుని. "గింజ నువ్వే తెచ్చుకో."

మునిరత్నం ఆమె వైపు చూసి తల ఊపాడు. నా వైపు చూశాడు. ఏదో రావలసి ఉందన్నట్టు చూశాడు. జరిగింది చెప్పాను గాని, చెప్పవలసిన మాట ఇంకా చెప్పలేదు.

"రత్నం," అన్నాను, "నువ్వు తెచ్చిన గింజ మంచిది. నువ్వు సూసిన రంగు నిజం. చెడగొట్టింది నేను. తెలిసి ఊరుకున్నదీ నేనే. తప్పు నాది. నన్ను మన్నించు."

అతను పక్కకు జరిగి తన చాప మీద చోటిచ్చాడు. నేను కూర్చోకుండా, ఆ వరసలో వాళ్ళందరికీ వినబడేటట్టు మళ్ళీ ఒకసారి అన్నాను. "తప్పు నాది. మన్నించు."